నలభై దాటిన మగవాడి అలసట: తప్పంతా హార్మోనుదేనా?

రంజాన్ నెల సగం గడిచిందంటే పాతబస్తీ దర్జీ దుకాణాల ముందు 'ఆర్డర్లు బంద్' అన్న బోర్డులు వేలాడతాయి. అప్పటికే తీసుకున్న బట్టలు చాంద్ రాత్‌లోపు కుట్టి ఇవ్వాలి. అందుకే ఆ రోజుల్లో దర్జీలకు పగలనీ రాత్రనీ ఉండదు. తరావీహ్ ముగించుకుని మిషను ముందు కూర్చుంటే సహరీ వేళకు గానీ లేవరు.

నాకు తెలిసిన ఓ మాస్టర్ సాబ్‌కు ఆ ఏడు 48 ఏళ్లు. పదిహేనో ఏట కత్తెర పట్టిన మనిషి. షేర్వానీ కోతలో ఆ వీధిలో ఆయన్ను మించినవారు లేరని పేరు. అలాంటిది, పండుగ తర్వాత నికా ఉన్న ఓ పెళ్లికొడుకు షేర్వానీ చేతిని రెండు అంగుళాలు పొట్టిగా కత్తిరించేశారు. ఖరీదైన గుడ్డ. సొంత డబ్బుతో మళ్లీ కొనిచ్చారు. డబ్బు పోయినందుకు ఆయన అంతగా బాధపడలేదు. దుకాణంలో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారే, ఆ చూపు ఆయన్ను కోసేసింది.

అంతకు ముందు నుంచే ఏదో తేడా కనిపిస్తూ ఉంది. మధ్యాహ్నం మూడు దాటేసరికి ఒళ్లు బరువెక్కేది. కొలతలు చెబుతుండగానే మరచిపోయేవారు. ఏనాడూ గొంతు పెంచని మనిషి చిన్న పొరపాటుకే కుర్రాళ్లపై విరుచుకుపడేవారు. ఇంట్లో మాట తగ్గించేశారు. "నా పని అయిపోయింది భాయ్. దుకాణం తమ్ముడికి అప్పగించి ఇంట్లో కూర్చుంటాను" అని ఓ రోజు నాతో అన్నారు. ఇంకా ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు చేయాల్సిన మనిషి అన్నమాట అది.

ఈ మాట ఆయనొక్కడిదే కాదు. లారీ స్టీరింగు పట్టినవారు, మెకానిక్ షెడ్డులో ఉస్తాదులు, బడిలో పంతుళ్లు, ఆఫీసులో గుమాస్తాలు, ఇరవై ఏళ్లు గల్ఫ్ ఎండల్లో పనిచేసి తిరిగొచ్చినవారు, ఇలా ఎందరో నలభై అయిదు, యాభై ఏళ్ల దగ్గర ఇదే మాట మనసులో అనుకుంటారు. పైకి అనరు. ఆడవారికి ఆ వయసులో ఒంట్లో మార్పు వస్తుందని అందరికీ తెలుసు. మరి మగవారికి కూడా అలాంటిది ఉంటుందా? ఉంటే అది చేస్తున్న పనిపై ఎంతవరకు ప్రభావం చూపుతుంది?

ఆగిపోదు, మెల్లగా తగ్గుతుంది

మగవాడి శరీరానికి బలాన్ని, కండను, ఎముకల గట్టిదనాన్ని, దాంపత్య జీవితంలో ఆసక్తిని ఇచ్చే హార్మోను టెస్టోస్టెరాన్. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఆజ్ఞ పంపితే వృషణాలు దాన్ని తయారు చేస్తాయి. ఈ హార్మోనును 1935లో విడదీసి గుర్తించారు. అదే ఏడాది దాన్ని కృత్రిమంగా తయారు చేయడం కూడా సాధ్యమైంది.

స్త్రీలలో ఒక వయసు తర్వాత అండాశయాలు పని మానేస్తాయి, ముట్లు ఆగిపోతాయి. కొద్ది సంవత్సరాలలోనే హార్మోను బాగా పడిపోతుంది. మగవారిలో అలా జరగదు. ముప్ఫై, నలభై ఏళ్ల మధ్య మొదలై ఏడాదికి సుమారు 1 శాతం చొప్పున టెస్టోస్టెరాన్ మెల్లగా తగ్గుతూ పోతుంది. ఒకటి మెట్ల మీద నుంచి దిగడమైతే, రెండోది కంటికి కనిపించని ఏటవాలు మీద నడవడం లాంటిది. అందుకే 'మగవారి మెనోపాజ్' అన్న మాట సరైంది కాదని వైద్యులు అంటారు. తగ్గినా కూడా చాలామందిలో అది అవసరానికి సరిపడా మిగిలే ఉంటుంది. డెబ్బై ఏళ్ల వయసులో తండ్రులైనవారు లోకంలో ఉన్నారు కదా!

ఈ హార్మోను రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున ఎక్కువగా ఉండి, సాయంత్రానికి తగ్గుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పరీక్ష దగ్గర మళ్లీ అవసరపడుతుంది.

పరిశోధకులు ఏం కనుగొన్నారు?

హార్మోను బాగా తగ్గినవారిలో కండబలం తగ్గవచ్చు. బరువు పనులు కష్టం కావచ్చు. ఉత్సాహం సన్నగిల్లి, మనసు దిగులుగా ఉండవచ్చు. రోజంతా నిలబడి చేసే పనికి, మూటలెత్తే పనికి, నిచ్చెనలెక్కే పనికి ఇవి అడ్డే. కానీ ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. అలసట ఉంది కనుక హార్మోను తగ్గి ఉంటుందని లెక్క వేసేస్తున్నారు.

ఈ లెక్కను యూరప్‌లోని 8 నగరాలలో పరిశీలించి చూశారు. 40 నుంచి 79 ఏళ్ల వరకు ఉన్న 3,369 మంది మగవారిని ప్రశ్నించి, రక్తం పరీక్షించారు. ఫలితాలు 2010లో వెలువడ్డాయి. అలసట, నిద్రలేమి, దిగులు వంటి 32 లక్షణాల గురించి అడిగితే, హార్మోనుతో సంబంధం ఉన్నట్టు తేలినవి 9 మాత్రమే. వాటిలో కూడా హార్మోను తగ్గుదలతో గట్టిగా ముడిపడి, ఒక జబ్బుగా పరిగణించదగినవి మూడే. ఆ మూడూ దాంపత్య సామర్థ్యానికి, ఆసక్తికి సంబంధించినవి. అలసట, దిగులు ఆ తొమ్మిదిలో ఉన్నా, వాటి ముడి వదులుగా ఉంది.

రక్తంలో హార్మోను తక్కువగా ఉండి, ఆ మూడు లక్షణాలు కూడా ఉన్నవారిని లెక్కిస్తే మొత్తం మీద 2.1 శాతం మందే తేలారు. నలభైలలో ఉన్నవారిలో వెయ్యికి ఒక్కరు. యాభైలలో వెయ్యికి ఆరుగురు. అంటే, యాభై ఏళ్లకు పనిలో వెనకబడ్డామనుకునే మగవారిలో అత్యధికుల కష్టానికి మూలం మరోచోట ఉందన్నమాట. ఇది దిగులు పడాల్సిన మాట కాదు, ధైర్యం చెప్పే మాట. ఎందుకంటే ఆ 'మరోచోటు' చాలాసార్లు మన చేతికి అందేదే.

అసలు దొంగలు వేరే

మొదటి దొంగ షుగరు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు వ్యాధి ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు. రక్తంలో చక్కెర పెరిగితే అలసట, చూపు మసకబారడం, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం, దానివల్ల నిద్ర చెడడం అన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పైగా షుగరు ఉన్న మగవారిలో దాదాపు మూడింట ఒకవంతు మందికి టెస్టోస్టెరాన్ కూడా తక్కువగా ఉంటోందని పలు పరిశోధనల్లో తేలింది. బొజ్జ పెరిగినా ఇదే తంతు. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు మగ హార్మోనును ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. సంతోషించాల్సిన సంగతేమంటే, బరువు తగ్గితే ఆ హార్మోను తిరిగి పెరుగుతుంది.

రెండో దొంగ నిద్రలేమి. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో పది మంది ఆరోగ్యవంతులైన యువకులను ఓ వారంపాటు రాత్రికి అయిదు గంటలే నిద్రపోనిచ్చారు. పగటిపూట వారి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం వరకు పడిపోయింది. 2011లో ప్రచురించిన పరిశోధన ఇది. వయసు వల్ల ఏడాదికి 1 శాతం తగ్గుతుందని చెప్పుకున్నాం. అంటే పది, పదిహేనేళ్ల వయసు చేసే పనిని ఒక్క వారం నిద్రలేమి చేసేసిందన్నమాట. రాత్రి డ్యూటీలవారు, లారీ డ్రైవర్లు, తెల్లవారుజామునే భట్టీ వెలిగించే హోటలు పనివారు ఇది ఆలోచించుకోవాలి.

నిద్రలోనే మరో దొంగ దాక్కుని ఉంటాడు. పెద్దగా గురక పెడుతూ, మధ్యమధ్య ఊపిరి ఆగి, ఉలిక్కిపడి మళ్లీ అందుకోవడం. ఇది జబ్బు. నిద్రపోయిన మనిషికి తెలియదు, పక్కనున్న ఇల్లాలికి తెలుస్తుంది. ఈ జబ్బు ఉన్న మనిషి ఎనిమిది గంటలు పడుకున్నా ఒళ్లు తేలికపడదు. డ్రైవరైతే మరీ ప్రమాదం, చక్రం మీదే కునుకు పడుతుంది.

థైరాయిడ్ మందగించడం, రక్తహీనత, బి12 విటమిను తగ్గడం కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది. కీళ్లనొప్పులకో ఆయాసానికో స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా కొని మింగేవారిలో టెస్టోస్టెరాన్ నిజంగానే పడిపోతుంది.

చివరి దొంగ దిగులు. అప్పు, పిల్లల చదువు, పెళ్లి ఖర్చు, రెడీమేడ్ దెబ్బకు పడిపోయిన గిరాకీ, గల్ఫ్ నుంచి వచ్చాక చేతిలో పని లేకపోవడం. ఇవి మోస్తూ మోస్తూ మనసు కుంగిపోతే, మగవాడు ఏడవడు. చిరాకు పడతాడు, మౌనంగా ఉంటాడు, పని తప్పులు చేస్తాడు. దాన్ని పొగరనో సోమరితనమనో అనుకుంటాం. అది కూడా వైద్యం ఉన్న జబ్బే.

గోడల మీది ప్రకటనలు

ఇన్ని కారణాలు ఉండగా మన మగవాళ్లు ముందుగా వెళ్లేది ఎక్కడికి? బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్కన రాసి ఉండే 'మర్దానా కమ్‌జోరీ' ప్రకటనల దగ్గరికి. డాక్టరు దగ్గర నోరు విప్పడానికి సిగ్గు. అక్కడైతే ఎవరూ ఏమీ అడగరు, పొట్లం చేతిలో పెట్టి డబ్బు తీసుకుంటారు.

ఈ ఆశ కొత్తది కాదు. 1889లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే పేరున్న శాస్త్రవేత్త, 72 ఏళ్ల వయసులో కుక్కలు, గినీ పందుల వృషణాల నుంచి తీసిన రసాన్ని తనకు తానే ఎక్కించుకున్నాడు. బలం తిరిగొచ్చిందని, గంటల తరబడి ప్రయోగశాలలో నిలబడి పనిచేయగలుగుతున్నానని ప్రకటించాడు. వెంటనే అలాంటి మందుల వ్యాపారం ఊపందుకుంది. ఆ రసంలో పనిచేసేంత హార్మోను లేనే లేదని తర్వాత తేలింది. నమ్మకమే ఆయనకు బలాన్నిచ్చింది.

నేటి పొట్లాలు అంత అమాయకమైనవి కావు. మూలికలని చెప్పి అమ్మే కొన్ని 'తాకత్' మందుల్లో సిల్డెనాఫిల్ అనే అల్లోపతి మందును రహస్యంగా కలుపుతున్నట్టు పలు దేశాల్లో పరీక్షల్లో బయటపడింది. గుండెనొప్పికి సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మాత్రలు వాడే మనిషి తెలియక అది మింగితే, రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. అర్హత ఉన్న యునానీ హకీముల గురించి కాదు ఈ మాట. పేరూ చిరునామా లేని పొట్లాల గురించి.

ఇంజెక్షను ఎవరికి?

హార్మోను నిజంగా తక్కువగా ఉన్నవారికి ఇంజెక్షను, జెల్ రూపంలో చికిత్స ఉంది. అది వారికి మేలు చేస్తుంది. కానీ ముందు నిర్ధారణ జరగాలి. ఉదయం పది గంటల లోపు పరగడుపున రక్తం ఇవ్వాలి. ఒకసారి తక్కువ వస్తే చాలదు, మరో రోజు మళ్లీ చూడాలి. డెసిలీటరుకు సుమారు 300 నానోగ్రాముల కంటే తక్కువగా ఉంటేనే వైద్యులు ఆలోచిస్తారు. సాయంత్రం చేయించిన పరీక్షకు విలువ లేదు. జ్వరం వచ్చినప్పుడు, నిద్ర వేళలు తారుమారైన రోజుల్లో చేయించినా లెక్క తప్పవచ్చు.

వయసు తెచ్చిన తగ్గుదలకు ఇంజెక్షను వేయించుకుంటే పనిలో పాత చురుకు వస్తుందా? అమెరికాలో 65 ఏళ్లు దాటి, హార్మోను తక్కువగా ఉన్న 790 మందిపై ఏడాదిపాటు పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. దాంపత్య జీవితంలో కొంత మెరుగుదల, మనసు తీరులో స్వల్పంగా మార్పు కనిపించాయి. అలసట విషయంలో చెప్పుకోదగ్గ మేలు తేలలేదు. మతిమరుపు ఉన్నవారిలో జ్ఞాపకశక్తి కూడా మెరుగుపడలేదని 2017లో వెల్లడించారు. షేర్వానీ కొలత మరచిపోయే మనిషికి ఆ సూది సమాధానం కాదన్నమాట.

ప్రమాదాలు కూడా తెలుసుకోవాలి. గుండెజబ్బు ఉన్న, లేదా వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 5 వేల మందికి పైగా మగవారిపై జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. గుండెపోట్లు, పక్షవాతం పెరగలేదు గానీ, గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం చికిత్స తీసుకున్నవారిలో ఎక్కువగా కనిపించాయి. ఇంకొక ముఖ్యమైన సంగతి. బయటి నుంచి హార్మోను వస్తే శరీరం సొంత తయారీ మానేస్తుంది, వీర్యకణాలు తగ్గిపోతాయి. పిల్లలు కావాలనుకునేవారు దీని జోలికి పోకూడదు.

పనిని మనకు తగ్గట్టు సర్దుకోవాలి

మరి చేయవలసిందేమిటి? ముందు పరీక్షలు. షుగరు, రక్తహీనత, థైరాయిడ్, రక్తపోటు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో, హైదరాబాదు బస్తీ దవాఖానాల్లో ఇలాంటి పరీక్షలు చాలావరకు ఉచితం. దాంపత్యానికి సంబంధించిన లక్షణాలు కూడా ఉంటే డాక్టరుతో సిగ్గుపడకుండా చెప్పి, అప్పుడు హార్మోను పరీక్ష. షుగరు మందులు వాడేవారు రంజాన్ రాకముందే డాక్టరును కలిసి, రోజా ఉండవచ్చా లేదా, ఉంటే మందుల వేళలు ఎలా మార్చుకోవాలో అడిగి తెలుసుకోవాలి.

తర్వాత పని తీరు. యాభై ఏళ్ల మనిషికి ఇరవై అయిదేళ్ల వేగం ఉండదు. కానీ ముప్ఫై ఏళ్ల అనుభవం ఆ కుర్రాడికీ ఉండదు. కష్టమైన, లెక్క తప్పకూడని పనిని ఉదయం పెట్టుకోవాలి. చేతులు అలవాటుగా చేసుకుపోయే పనిని మధ్యాహ్నానికి ఉంచాలి. కొలతలను బుర్రలో కాక పుస్తకంలో పెట్టాలి. బరువులెత్తే పని కుర్రాళ్లకిచ్చి, నేర్పే పని తాను తీసుకోవాలి. యజమానులు కూడా గమనించాలి. పాతికేళ్లు నమ్మకంగా పనిచేసిన మనిషి ఒక్కసారిగా చిరాకుపడుతున్నా, తప్పులు చేస్తున్నా, లెక్క చూసి పంపించే ముందు "ఒంట్లో ఎలా ఉంది భాయ్?" అని ఒక్క మాట అడగాలి.

అన్నిటికన్నా ముందు ఇంట్లో మాట్లాడాలి. మన మాస్టర్ సాబ్ కథలో దొంగను పట్టించింది డాక్టరు కాదు, ఆయన ఇల్లాలు. "రాత్రుళ్లు మీ ఊపిరి ఆగి ఆగి వస్తోంది. భయమేసి లేచి కూర్చుంటున్నాను. ఎన్నాళ్ల నుంచో చెబుదామంటే మీరు మాట్లాడనివ్వరు" అని ఓ రోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ మాట మీద ఆసుపత్రికి వెళ్తే షుగరు 300 దాటి ఉంది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కూడా ఉందని తేలింది. హార్మోను కాస్త తక్కువగా ఉంది గానీ, ముందు ఈ రెండింటి సంగతి చూద్దామన్నారు డాక్టరు. గోడల మీది ప్రకటన చూసి నాలుగు నెలలు తిన్న పొడి సంగతి ఆయన అప్పటిదాకా ఇంట్లో కూడా చెప్పలేదు.

ఏడాది గడిచింది. కొంత బరువు తగ్గారు. మందులు వేళకు వేసుకుంటున్నారు. ఇరవై ఏళ్లనాటి మనిషి కాలేదు, కారు కూడా. మధ్యాహ్నం అరగంట నడుం వాలుస్తారు. షేర్వానీలు ఉదయమే కత్తిరిస్తారు. మొన్న రంజాన్‌లో 'ఆర్డర్లు బంద్' బోర్డు నెల సగం కాకుండా పదో రోజునే పెట్టించారు. గిరాకీ కొంత పోయింది, కోత తప్పలేదు.

నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది. మనవాళ్లు దాన్ని చత్వారం అంటారు, ఉర్దూలో చాలీసా అంటారు. సూదిలో దారం ఎక్కకపోతే ఏ దర్జీ కూడా 'నా మగతనం పోయింది' అని కుమిలిపోడు. బజారుకెళ్లి కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ మిషను ముందు కూర్చుంటాడు. ఒంట్లో వచ్చే తక్కిన మార్పులను కూడా అలాగే చూడగలిగిన నాడు, సగం జబ్బు అక్కడే నయమవుతుంది. పని చేయగల చేతులు సిగ్గుతో ఇంట్లో కూర్చోవడం ఆ ఇంటికీ నష్టం, ఆ వీధికీ నష్టం.